రంగం ఎండలో, రంగం వానలో కారు సీడీ

యాంగోన్ నడిబొడ్డున పబేడాన్‌లో, అనోరథా రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగిన సెకండ్ హ్యాండ్ టయోటా ప్రోబాక్స్‌లో కూర్చుని రేడియో తిప్పి చూడండి. అంకెలు 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతాయి. జపాన్‌లో అమ్మడానికి చేసిన రేడియో అది, అక్కడి ఎఫ్ఎం పాత పరిధి అంతే. మయన్మార్‌లో మాత్రం, మన దేశంలో లాగే, స్టేషన్లు 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటాయి. 90 దాటి పలికే స్టేషన్ ఏదీ ఆ కారుకు వినబడదు. పరిధిని జరిపే చిన్న పెట్టె ఒకటి యాంటెన్నా తీగకు తగిలిస్తే కొంత పని జరుగుతుంది, కానీ గరగర తప్పదు. ఇక కారులో పాట అంటే ఆ సన్నని చీలికలోకి దూర్చే సీడీయే.

2011లో మయన్మార్ పాత కార్ల స్థానంలో దిగుమతి కార్లకు దారి తెరిచాక జపాన్ సెకండ్ హ్యాండ్ బళ్ళు వెల్లువలా వచ్చి పడ్డాయి. 1970 నుంచి ఆ దేశంలో బళ్ళు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, వచ్చిన కార్లకు స్టీరింగూ కుడివైపే. తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వం అలాంటి కార్ల దిగుమతిని కట్టడి చేసింది గాని, అప్పటికే వచ్చినవి ఇంకా తిరుగుతున్నాయి. వాటి డాష్‌బోర్డుల్లో ఉన్న ప్లేయర్లకు ఇప్పుడు పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు. వాటిని, వాటిలో తిరిగే డిస్కులను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న మీద సలహాలకు కొదవలేదు. తయారీదారు పుస్తకం ఒకటి చెబుతుంది, మెకానిక్ ఒకటి, టూత్‌పేస్టు రాయమనే బంధువు మరొకటి. వీటన్నిటినీ ఆ ఊరి ఎండకీ వానకీ ఎదురుగా పెట్టి తూచడం ఈ వ్యాసం పని.

తెలుగువాళ్ళకు ఇందులో ఏం పట్టింపు అంటారేమో. ఉత్తరాంధ్రలో పాతతరం యాంగోన్‌ను, అంటే అప్పటి రంగూన్‌ను, రంగం అనే పిలిచేది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగం పోయినవాళ్ళను కోరంగి రేవు పేరు మీద అక్కడ కోరంగీలన్నారు. 1962 తర్వాత వేలమంది తిరిగి వచ్చేశారు, విశాఖలో బర్మా క్యాంపు వాళ్ళ గుర్తే. ఉండిపోయినవాళ్ళ పిల్లలకూ మనవలకూ బడి బర్మీస్‌లో, బజారు బర్మీస్‌లో. అలాంటి ఇంటికి తెలుగు వినిపించే దారుల్లో ఊరి నుంచి చుట్టం తెచ్చిన సీడీ ఒకటి. ఘంటసాల భగవద్గీత, భక్తి పాటలు, సినిమా పాటలు మళ్ళీ ఎక్కడో దొరుకుతాయి. ఇంట్లో పెద్దావిడ పాడిన మంగళహారతినో, పెళ్ళిలో పాడిన పాటలనో ఎవరో కంప్యూటర్లో కాల్చి ఇచ్చిన సీడీ మళ్ళీ దొరకదు. ఆమె గొంతు ఉన్నది దాని మీదే. నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల అందుకే.

ముందు డిస్కు ఒంటి సంగతి చూద్దాం. సోనీ, ఫిలిప్స్ కలిసి 1980లో దీని కొలతలు ఖాయం చేశాయి. మొదటి ఇంటి ప్లేయర్ 1982 అక్టోబరులో జపాన్ బజారుకు వచ్చింది, కారుకు 1984లో సోనీ, పయొనీర్ రెండూ తెచ్చాయి. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, దాదాపు అంతా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్. పాట ఉండేది మెరిసే అడుగు భాగంలో అనుకుంటాం. కాదు. అది పైన, బొమ్మ అచ్చువేసిన వైపు, ఆ అచ్చుకు సరిగ్గా కింద ఉంటుంది. కింద నుంచి లేజర్ కిరణం ప్లాస్టిక్ మందమంతా దాటి అక్కడికి చేరుతుంది. పాటకూ బయటి గాలికీ మధ్య అడుగువైపు మిల్లీమీటరు పైచిలుకు ప్లాస్టిక్ ఉంది. పైవైపు ఉన్నది పలచని అల్యూమినియం పొర, దాని మీద లక్క పూతలాంటి ఒక పూత, ఆపైన సిరా. అంతే.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం సలహాలు వాటంతట అవే తేలిపోతాయి. అడుగున గీత పడితే మనం గుండె బాదుకుంటాం, పైన బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాస్తాం. నష్టం ఎక్కువ జరిగేది పెన్ను దగ్గరే. అడుగు ఉపరితలం మీద లేజర్ వెలుగు దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది, లోపలి పొరకు చేరేసరికే సూదిమొనలా ముడుచుకుంటుంది. సన్న గీతలు, దుమ్ము రేణువులు దాని చూపుకు ఆనవు. ఆపైన తప్పులు దిద్దుకునే లెక్క ఒకటి డిస్కులోనే రాసి ఉంటుంది. జాడ వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా ప్లేయర్ దాన్ని పూర్తిగా తిరిగి కట్టుకోగలదు. అంతకు మించితే పక్క స్వరాలను చూసి మధ్యలోది ఊహిస్తుంది. అదీ కుదరకపోతే పాట గెంతుతుంది.

తుడవడం నడిమధ్య నుంచి అంచుకు నిలువుగా ఉండాలని చెప్పేది ఇందుకే. పాట జాడ చుట్టలు చుట్టలుగా, లోపల మొదలై బయటికి పోతుంది. గుండ్రంగా తుడిస్తే పడే గీత జాడ వెంబడే పడి, దిద్దుకోగల మేర దాటిపోతుంది. నిలువుగా పడిన గీత ఒక్కో చుట్టనూ ఒక్క చోటే కోస్తుంది, లెక్క దాన్ని దిద్దేస్తుంది. మెత్తని నూలుగుడ్డ, కొద్దిగా నీళ్ళు, మరకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క. గోళ్ళరంగు తుడిచే అసిటోన్, పెట్రోలు, థిన్నర్ పాలీకార్బొనేట్‌ను తెల్లబరుస్తాయి, వాటి జోలికి పోకూడదు. టూత్‌పేస్టు వట్టి మూఢనమ్మకం కాదు. అందులోని సన్నని రాపిడి పొడి లోతైన గీత అంచులను నునుపు చేస్తుంది, కొన్నిసార్లు డిస్కు మళ్ళీ పాడుతుంది కూడా. కానీ అది ఒక గీతను పోగొట్టి వంద గీతలు పెట్టే వైద్యం. చివరిసారిగా వినిపించి కాపీ తీసుకోవడానికి తప్ప దానికి వెళ్ళకూడదని నా అభిప్రాయం.

యాంగోన్‌లో వేళ్ళ సంగతి వేరే చెప్పాలి. అక్కడ కిళ్ళీ నమలని డ్రైవరు అరుదు. తమలపాకుకు రాసిన సున్నం వేలికి అంటుకుని, ఆరి, పొడిగా రాలుతుంది. అదే వేలు డిస్కు మీద పడితే, అంటిన సున్నపు పొడిని తుడవడం గరుకు కాగితంతో రుద్దినట్టే. చీలికలోకి పోయిన పొడి లెన్సు మీద కూర్చుంటుంది. కూడళ్ళలో కొని అద్దానికి వేలాడదీసే మల్లెదండల నీటిచుక్క, డాష్‌బోర్డు మీద వెలిగించే అగరొత్తి పొగ లెన్సుకు అంతే చేటు. పొగలోని నూనె జిడ్డు పలచని తెరలా పరుచుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. దండను ప్లేయర్‌కు దూరంగా కట్టుకోవచ్చు, అగరొత్తిని బండి బయలుదేరే ముందు తలుపు తీసి తిప్పి ఆర్పేయవచ్చు. భక్తికి లోటు రాదు.

ఇక వేడి. ఇదే అన్నిటికన్నా పెద్ద శత్రువు, దీని గురించే మనం తక్కువ మాట్లాడతాం. 2005లో అమెరికాలో కాథరిన్ మెక్‌లారెన్, జాన్ నల్, జేమ్స్ క్విన్ ఎండలో నిలిపిన కారు లోపలి గాలిని కొలిచారు. గంటలో సగటున 22 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగింది, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. కిటికీ కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. వాళ్ళ చింత కారులో వదిలేసిన పసిపిల్లల గురించి, ఆ లెక్క మనకూ పనికొస్తుంది. యాంగోన్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం 37 డిగ్రీలు మామూలు. బొజోక్ మార్కెట్ పక్కన కారు నిలిపి గంటసేపు బేరమాడి వస్తే లోపలి గాలి 60 దగ్గర పడుతుంది, అద్దం కింద ఎండ నేరుగా తగిలే డాష్‌బోర్డు అంతకన్నా మరిగిపోతుంది. కారు ప్లేయర్లు చాలావాటికి తట్టుకునే హద్దుగా చెప్పేదే ఇంచుమించు 60.

డిస్కు కరగదు. పాలీకార్బొనేట్ మెత్తబడాలంటే 140 డిగ్రీలు దాటాలి. కానీ ఒక పక్క వేడెక్కి ఒక పక్క చల్లగా ఉంటే వంగుతుంది, ఏటవాలుగా ఆనించి పెట్టినది ఇంకా త్వరగా. వంగిన డిస్కు తిరిగేటప్పుడు అంచు పైకీ కిందికీ ఊగుతుంది, లెన్సు దాని వెంట పరిగెత్తలేదు. అందుకే వంగిన డిస్కు మొదటి పాటలు బాగా పాడి చివరి పాటల దగ్గర తడబడుతుంది, చివరి పాటలుండేది అంచు దగ్గర కదా. ఇంట్లో కాల్చిన సీడీకి మరో ప్రమాదం. అందులో అచ్చొత్తిన గుంటలుండవు, రంగు పొర ఉంటుంది, లేజర్ ఆ రంగును మాడ్చి గుర్తులు పెడుతుంది. వెలుగూ వేడీ ఆ రంగును తర్వాత కూడా మారుస్తూనే ఉంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో 2004లో రకరకాల కాల్చిన డిస్కులను వేడికీ తేమకూ వెలుగుకూ గురిచేసి చూశారు. థాలోసైనిన్ అనే రంగు, బంగారం కలిసిన వెండి పొర ఉన్న రకం అన్నిటికన్నా బాగా నిలిచింది. అలాంటివి ఖరీదైనవి. పేవ్‌మెంటు మీద దొరికే చవక ఖాళీ డిస్కులో ఏ రంగు ఉందో కవరు చెప్పదు.

అదే సంస్థ తరఫున 2003లో ఫ్రెడ్ బయర్స్ రాసిన సంరక్షణ పుస్తకం డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల మధ్య, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచమంటుంది. పబేడాన్‌లో ఏ మేడ మీద ఏ గదిలోనూ ఏడాది పొడుగునా అది జరిగే పని కాదు. ఈ సలహాను అక్షరాలా పాటించలేం, దిక్కు మాత్రం తీసుకోవచ్చు. ఇంట్లో ఎండ తగలని బీరువా అడుగు అర, కారులో వెనక పెట్టె కన్నా సీటు కింద నీడ. సన్‌వైజర్‌కు తగిలించే సీడీ జేబులంటే నాకు అస్సలు పడదు. అమ్మినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ కారంతటిలో డిస్కుకు అంతకన్నా చెడ్డ చోటు లేదు.

మే నుంచి అక్టోబరు దాకా వాన. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు కురుస్తుంది, విశాఖలో కురిసేదానికి రెట్టింపు పైమాటే. ఏసీ వేసి చల్లబడిన కారు తలుపు తీయగానే బయటి తడిగాలి వచ్చి చల్లని లెన్సు మీద మంచులా పడుతుంది. ప్లేయర్ డిస్కు లేదంటుంది. చాలామంది అప్పుడే పాడైపోయిందనుకుని పొడవడం, ఊదడం మొదలుపెడతారు. డిస్కు బయటికి తీసి ఒక గంట వదిలేస్తే ఆరిపోతుంది, అంతకన్నా ఏమీ చేయనక్కరలేదు. నోటితో ఊదితే తుంపర కూడా లోపలికి పోతుంది.

తేమకు బూజు తోడు. 2001లో స్పెయిన్ శాస్త్రవేత్త హావియెర్ గార్సియా గినేయా బెలీజ్ నుంచి వచ్చిన ఒక సీడీలో జియోట్రికమ్ జాతి బూజు పాకిన జాడలు చూపించాడు. అది అంచు నుంచి లోపలికి పోయి అల్యూమినియం పొరనూ ప్లాస్టిక్‌నూ తినేసింది. ఈ కథ అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది, బెలీజ్ కూడా వేడీ తేమా కలిసిన నేలే కాబట్టి యాంగోన్‌లో దీన్ని విని భయపడటం సహజం. నేను దీన్ని అరుదైన సంగతిగానే లెక్కవేస్తాను. అంతకన్నా తరచుగా జరిగేది అంచు దగ్గర పూత సరిగా అతకని డిస్కుల్లో తేమ దూరి అల్యూమినియం మసకబారడం. డిస్కును దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సూది రంధ్రాల్లా వెలుతురు వస్తే ఆ జబ్బు మొదలైనట్టు. దానికి మందు లేదు, వెంటనే కాపీ తీయడమే. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచడం వానాకాలానికి చవకైన ఉపాయం. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళున్నారు. తవుడు దుమ్ము తేమను మించిన పీడ, అది వద్దు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో నిలువుగా, నడిమి బొడిపెకు తగిలించి ఉంచడం మేలు. మెత్తని ప్లాస్టిక్ కవర్లు వేడికి డిస్కు అచ్చుకు అతుక్కుపోతాయి.

అంటించే కాగితపు లేబుళ్ళ గురించి ఒక్క మాట చాలు, వద్దు. వేడికి జిగురు జారి ప్లేయర్ లోపల లేబులు ఊడుతుంది, డిస్కు ఇక బయటికి రాదు. నీటి సిరా ఉన్న మెత్తని మార్కరుతో నడిమి పారదర్శక వలయం మీద రెండు అక్షరాలు రాసుకోవడం చాలు.

ప్లేయర్ దగ్గరికి వస్తే అసలు తగువు లెన్సు తుడిచే డిస్కుల మీద. చిన్న కుచ్చులు అతికించిన ఆ డిస్కును వేస్తే లెన్సు శుభ్రపడుతుందని దుకాణదారు అంటాడు. టయోటా తన కార్లతో ఇచ్చే చాలా పుస్తకాల్లో అలాంటివి వాడవద్దని, ప్లేయర్ చెడవచ్చని ఉంటుంది. జపాన్ నుంచి వచ్చిన కారులో పుస్తకం ఉన్నా జపనీస్‌లో ఉంటుంది, పబేడాన్‌లో చదివేవాళ్ళు లేక ఆ హెచ్చరిక ఎవరికీ చేరదు. ఇంటి ప్లేయర్లలో ఆ డిస్కులతో మేలు జరిగినవాళ్ళున్నారు. కారు ప్లేయర్లో లెన్సు సన్నని తీగల మీద తేలుతూ ఉంటుంది, గట్టిగా తగిలితే తీగ వంగుతుంది. నేను తయారీదారు పక్షమే. లెన్సు నిజంగా మురికైతే పెట్టె విప్పించి, దూది చుట్టిన పుల్లకు ఆల్కహాల్ అంటించి చేత్తో తుడిపించడమే దారి, పుల్ల ఆనీ ఆనకుండా.

విప్పించే ముందు జబ్బు ఎక్కడిదో కనిపెట్టాలి, ఇది ఎవరికి వారు చేసుకోగలిగిన పని. ఒకే పాటలో ఒకే చోట ప్రతిసారీ గెంతితే తప్పు డిస్కుది. గుంతలో పడ్డప్పుడల్లా ఏ డిస్కైనా గెంతితే లోపలి యంత్రాన్ని తేలించి ఉంచే స్ప్రింగులు, మెత్తలు అరిగాయని అర్థం. ఏ డిస్కు వేసినా మొదట్లోనే డిస్కు లేదంటే లెన్సు మురికి, లేదా లేజర్ అలసిపోయింది. డిస్కులో ఏముందో చెప్పే పట్టిక అన్నిటికన్నా లోపలి చుట్టలో ఉంటుంది, ప్లేయర్ ముందు దాన్నే చదవాలి. అచ్చు సీడీలు పాడుతూ కాల్చిన సీడీలు పాడకపోతే లేజర్ బలం తగ్గుతోంది. అచ్చు డిస్కు తనపై పడిన వెలుగులో 70 శాతానికి పైగా తిప్పి పంపుతుంది, కాల్చినది కొంచెం తక్కువ, చెరిపి మళ్ళీ రాసుకునే రకం 15 నుంచి 25 శాతమే. ముసలి కంటికి సన్నక్షరాలు కనబడనట్టు ముసలి లేజర్‌కు ముందుగా ఈ చివరి రకం కనబడకుండా పోతుంది. మెకానిక్‌కు ఈ నాలుగు ముక్కలు చెబితే అనవసరంగా అన్నీ మార్చకుండా ఉంటాడు.

ఇరుక్కున్న డిస్కును కత్తితోనో స్కేలుతోనో లాగకూడదు. డిస్కును లోపలికి లాగేవి రబ్బరు రోలర్లు. ఎండకు గట్టిపడి, దుమ్ముతో జారిపోయి పట్టు వదిలేస్తాయి. ఎజెక్ట్ మీట కొన్ని క్షణాలు నొక్కి పట్టడం, కారు చల్లబడ్డాక మళ్ళీ ప్రయత్నించడం మొదటి పని. బ్యాటరీ తీగ విప్పి మళ్ళీ పెట్టమనే సలహా పబేడాన్‌లో జాగ్రత్తగా తీసుకోవాలి. జపాన్ నావిగేషన్ పెట్టెల్లో కొన్ని కరెంటు పోయి వస్తే తమ మ్యాపు డిస్కో కార్డో, రహస్య సంఖ్యో అడుగుతాయి. అవి జపాన్‌లోనే పాత యజమాని దగ్గర ఉండిపోయి ఉంటాయి. ఒక డిస్కు బయటికి తీయబోయి పెట్టె మొత్తం మూగబోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల చిన్న డిస్కులు ఆ చీలికలో అసలే వేయకూడదు. వాడనప్పుడు డిస్కును లోపలే వదిలేయడం, సగం బయటికి వచ్చాక అలాగే ఎండలో ఉంచడం రెండూ తప్పే.

ఆడియో సీడీకి ఒక సుగుణం ఉంది, దానికి దేశాల గోడలు లేవు. విశాఖలో కొన్న ఆడియో సీడీ జపాన్‌లో చేసిన కారులో పబేడాన్‌లో పాడుతుంది. డీవీడీకి అలా కాదు. డీవీడీల ప్రాంతాల పంపకంలో జపాన్‌ది 2వ ప్రాంతం, మయన్మార్‌ది 3, మనది 5, పైగా మన బొమ్మ పాల్ పద్ధతి, జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ. ఊరి నుంచి పంపేవాళ్ళు కారు కోసమైతే ఆడియో సీడీయే పంపడం మంచిది. ఎంపీ3లు కాల్చి పంపితే ఫైళ్ళ పేర్లు తెలుగు లిపిలో కాక 01, 02 అంటూ అంకెలతో పెట్టాలి, ఆ తెరకు మన లిపి రాదు. కాల్చేటప్పుడు డిస్కును చివర మూసివేయడం (ఫైనలైజ్ చేయడం) మరవకూడదు, మూయనిదాన్ని కారు ప్లేయర్ చదవదు.

ఖాళీ డిస్కులు మాత్రం ఎప్పటికీ దొరుకుతాయన్న భరోసా లేదు. 1988లో కాల్చే సీడీని మొదట తయారుచేసిన జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015 చివరికి ఆ వ్యాపారం మానేసింది. ఇరవయ్యెనిమిది రూపాయలకే వీసీడీలు అమ్మి మన తెలుగు ఇళ్ళకూ చేరిన మోజర్ బేర్ 2018లో మూతపడే దశకు వచ్చింది. కెనడా సంరక్షణ సంస్థ అచ్చు ఆడియో సీడీకి 50 నుంచి 100 ఏళ్ళు, సయనిన్ అనే మరో రంగుతో కాల్చినదానికి 20 నుంచి 50 ఏళ్ళు ఆయువు చెబుతుంది. అది చల్లని పొడి గదిలో ఉంచితే. ఏప్రిల్ ఎండలో ప్రోబాక్స్ డాష్‌బోర్డు మీద ఆ లెక్క చెల్లదు.

సలహాలన్నీ తూచాక నాకు తేలిన వరుస ఇది. కారులోకి అసలైన డిస్కు ఎక్కకూడదు. పెద్దావిడ పాట ఉన్నదాన్ని ముందు కంప్యూటర్లోకి, అక్కడి నుంచి రెండు వేరు వేరు చోట్లకు తీసుకోవాలి. తీసేటప్పుడు ఎంపీ3గా కుదించకుండా పూర్తి రూపంలో తీస్తే ఒక సీడీకి 850 మెగాబైట్ల లోపే అవుతుంది, ఇవాళ అది ఏ మాత్రం బరువు కాదు. ఒక ప్రతి విశాఖలో ఉన్న చుట్టం దగ్గర ఉంటే ఇంకా మంచిది. కారుకు తక్కువ వేగంతో కాల్చిన ఒక కాపీ. అది ఏడాదికో రెండేళ్ళకో పోతుంది, పోనివ్వండి, మళ్ళీ కాల్చుకోవచ్చు. అసలు డిస్కు స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పక్కన, ఏటా వాన వెలిసిన నవంబరులో ఒకసారి బయటికి తీసి, దీపానికి పట్టి చూసి, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి విని మళ్ళీ లోపల పెట్టాలి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వింటే పాడుతున్నది ఎవరో, ఏ ఊరి పెళ్ళిలో పాడారో చెప్పడానికి అదే సమయం. ఆ వివరం ఏ డిస్కు మీదా రాసి ఉండదు, కాగితం మీద రాసి డబ్బాలోనే పెట్టండి.